మంగళవారం బిళ్ళ

చేపలు పేర్చిన తీగల తట్టను పొయ్యి మీదకు ఎత్తేముందు అరబా ఒటువా కుడిచేతి వెనకభాగాన్ని పొగలోకి చాపుతుంది. కళ్ళు మూసుకుంటుంది. ఒక ఊపిరి తీసినంతసేపు అలాగే ఉంటుంది. తర్వాత చేయి వెనక్కి తీసుకుని, కట్టెను లోపలికి నెట్టడమో బయటికి లాగడమో చేస్తుంది. తట్ట ఎక్కేది అప్పుడే. అరచేతిని మాత్రం ఎన్నడూ చాపదు. అరచెయ్యి చేపను తిప్పడానికట, వెనకచెయ్యి నిప్పును పలకరించడానికట.

మా తీరంలో చేపలు పొగబెట్టే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒటువా పొగబెట్టిన కవళ్ళ చేపలను మాత్రం కుమాసి సంతలో కూడా చూపుతోనే గుర్తుపడతారు. తేనెరంగులో ఉంటాయి. తోలు చిట్లదు. వానలు దాటినా బూజు పట్టదు. ఆమెకు మూడు మట్టిపొయ్యిలు ఉన్నాయి. మట్టి తొక్కింది తనే, గోడ లేపింది తనే. ఎండకు నెర్రెలిచ్చినప్పుడల్లా అలికిందీ తనే.

భర్త చేపల వెంట అబిజాన్ వైపు వెళ్ళాడు. చేపలు తిరిగొచ్చాయి, ఆయన రాలేదు. అక్కడ ఇంకో ఇల్లు పెట్టుకున్నాడని తెలిసిన రోజు, ఆయన చెల్లెలు తావియా తన చాపా గిన్నే చంకన పెట్టుకుని ఒటువా పెరట్లోకి వచ్చేసింది. "అన్న పోతే పోనీ, వదిన నాకు కావాలి" అంది. అప్పటినుంచీ ఒకరు చేప కడిగితే ఒకరు నిప్పు చూస్తారు. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒకరినొకరు తిట్టుకుంటారు. ఒకరు జ్వరంతో పడుకుంటే రెండోవాళ్ళకు మాట పెగలదు.

కూతురు ఎవుసివా తకొరాడిలో కాపురం ఉంటుంది. ఊళ్ళో మిగతా అందరికీ ఒటువా ఎనా. అంటే అమ్మ.

మంగళవారం మా సముద్రం పడుకుంటుంది. పడవలు ఇసుక మీద ఉంటాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటారు, పెద్దలు తగవులు తీరుస్తారు. ఆ రోజు వల వేసినవాడు జరిమానా కట్టాలి. కట్టిన తర్వాత కూడా ఎవరూ వాడి పక్కన కూర్చుని తినరు.

మంగళవారం పుట్టిన ఆడపిల్లకు మాలో అరబా అని పేరు. ఊరంతా ఆ రోజును ఒక వంతు పాటిస్తే ఒటువా రెండు వంతులు పాటించేది. పొయ్యిల్లో బూడిద తీసేసి, తడిబట్టతో తుడిచి, రేకులు కప్పేది. కత్తి కూడా నూరేది కాదు. పనిచేసేది ఏదైనా వారానికి ఒకరోజు పడుకోవాలని ఆమె లెక్క. పడవ, వల, పొయ్యి, మనిషి. బీపీ బిళ్ళను కూడా ఆమె ఆ వరసలోనే పెట్టింది.

అది అశ్రద్ధ వల్ల చేసింది కాదు. ఒటువా తల్లి ఒక ఉదయం కెంకె అనే మొక్కజొన్న ముద్ద పొట్లం విప్పుతూ ఉండగా కుడిచెయ్యి జారిపోయింది. మాట నాలుక మీదే ఆగిపోయింది. ఎవరో ఏదో చేశారని ఊరు అంది. ఆమె చాలాకాలం చాప మీదే ఉండి వెళ్ళిపోయింది. అందుకే ఊళ్ళోకి ఆరోగ్యకేంద్రం వచ్చాక, నర్సు డెరీ జబ్బకు పట్టీ చుట్టి, రక్తపోటు ఎక్కువుందని చెప్పి, ఇదే మీ అమ్మను పడేసి ఉంటుందన్నప్పుడు ఒటువా వాదించలేదు. మందు ఇమ్మని చెయ్యి చాపింది.

డెరీ ఉత్తరాది మనిషి. సముద్రమే లేని నేలనుంచి వచ్చాడు. మా భాష నేర్చుకున్నాడు గానీ, అతని నోట అది రాళ్ళబాటలో బండి నడిచినట్టు ఉంటుంది. మొదట అతను ఒక మందు ఇచ్చాడు. అది చాలలేదు. తర్వాత రెండు మందులు కలిపిన బిళ్ళ ఇచ్చాడు.

"ఇందులో ఒకటి రక్తనాళాల బిగువు తగ్గిస్తుంది ఎనా. ఇంకోటి ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీటినీ దించేస్తుంది. ఒక్క మందే పెద్ద మోతాదులో ఇవ్వడంకన్నా, రెండూ కొంచెం కొంచెం కలిస్తే పని బాగా అవుతుంది."

"ఒడ్డువల రెండు తాళ్ళతో లాగినట్టు" అంది ఒటువా.

"అదేంటి?"

"నీకు తెలీదులే నాయనా. మీ ఊళ్ళో ఆవులేగా."

ఆరు రోజులు బిళ్ళ పొద్దుటే వేసుకునేది. మంగళవారం దాన్ని పడుకోనిచ్చేది. బుధవారం, వెనకబడ్డ పని పూర్తి చెయ్యాలి కాబట్టి, రెండు వేసుకునేది. ఇది ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. మంగళవారం పడవ కదలదని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

మా ఊళ్ళో డెరీ బీపీ చూసే రోజు మంగళవారం. ఆ రోజైతేనే అందరూ ఒడ్డున ఉంటారు, తీరిగ్గా ఉంటారు. ఒటువా ఉతికిన గుడ్డ చుట్టుకుని వెళ్ళేది, బల్లమీద చెయ్యి పెట్టేది. ఎప్పుడు చూసినా అంకె ఎక్కువే. మందులు మానుతున్నావా అని అతను అడిగేవాడు. ఒక్కనాడూ మానలేదని ఆమె చెప్పేది. ఆ మాట ఆమెకు నిజమే. చివరికి అతను అదే బిళ్ళలో ఎక్కువ మోతాదుది రాశాడు.

బుధవారాలు బరువెక్కాయి.

కవళ్ళ కాలం. మంగళవారం విశ్రాంతి తర్వాత పడవలు నిండుగా వచ్చాయి. మూడు పొయ్యిలూ మండుతున్నాయి. ఒటువా వంగి కట్టె సర్ది, లేచింది. లేవగానే పెరడు పక్కకు ఒరిగింది. ఆమె పట్టుకోబోయింది పొయ్యి గోడను. చేయి పడింది కాలుతున్న తీగల తట్ట మీద. మోకాళ్ళు మంటవైపు మడతపడ్డాయి. తావియా చేపల గంప వదిలేసి ఆమె నడుము గుడ్డను రెండు చేతులా పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ ఇసుకలో పడ్డారు. కవళ్ళు వాళ్ళమీద పడ్డాయి.

"చచ్చావా వదినా?" అంది తావియా, ఊపిరాడక.

"నువ్వు పైనుంచి లేస్తే చెబుతా."

"లేవను. లేస్తే మళ్ళీ నిప్పు దగ్గరికి పోతావు."

"తట్ట మాడిపోతోందే!"

"మాడనీ. నువ్వు మాడలేదుగా."

ముంజేయి మాడింది. మోచేతిదాకా తోలు పొంగింది. తావియా చల్లటి నీళ్ళు పోస్తూ కూర్చుంది, పోస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది. సాయంత్రానికి తకొరాడికి ఫోన్ చేసింది కూడా ఆమే.

ఎవుసివా శనివారం దిగింది. సంచి కింద పెట్టకుండానే తల్లి చేతికి చుట్టిన గుడ్డ విప్పి చూసింది. మళ్ళీ చుట్టింది.

"పొయ్యిలు ఇచ్చేద్దాం అమ్మా. పక్కింటివాళ్ళు అడుగుతున్నారు. నువ్వు నాతో వచ్చెయ్."

"వచ్చి?"

"కూర్చో. తిను."

"తిని?"

"నిప్పులో పడకుండా బతుకు."

"మీ ఇంట్లో గ్యాసు పొయ్యి. దాన్ని చూస్తేనే నాకు ఏడుపొస్తుంది. పొగ లేదు, వాసన లేదు. చచ్చినవాడి నవ్వులా నీలంగా మంట."

తావియా కిసుక్కున నవ్వింది. ఎవుసివా నవ్వలేదు.

"అత్తా, నువ్వు ఆ రోజు లేకపోతే?"

తావియా నవ్వు ఆపి, ఒడిలో చేతులు పెట్టుకుంది. ఒటువా పొయ్యిలవైపు చూసింది. ఆమెకు చదువు లేదు, పొలం లేదు, మొగుడు లేడు. ఈ తీరంలో ఆమె ఎవరంటే ఆ మూడు పొయ్యిలే. అవి పక్కింటికి పోతే, ఆ తర్వాత పొద్దుటే లేచేది ఎవరో ఆమెకు తెలియదు.

"సరే" అంది చివరికి. "మంగళవారం డెరీ దగ్గరికి నాతో రా. నీ కళ్ళతో చూడు. అంకె ఎక్కువుందంటే పొయ్యిలు ఇచ్చేస్తా. మందు సరిగ్గా వేసుకునేదాన్ని, నాకేం భయం?"

మంగళవారం ఆరోగ్యకేంద్రం వరండాలో బెంచీ నిండా ఆడవాళ్ళు. డెరీ ఒటువా ఎడమచేతికి పట్టీ చుట్టాడు. గాలి కొట్టాడు. విన్నాడు. కొంచెం ఆగి మళ్ళీ కొట్టాడు.

"ఎక్కువే ఉంది ఎనా. పోయినసారి కన్నా."

ఎవుసివా తల్లి వైపు తిరిగింది. "విన్నావుగా అమ్మా."

"విన్నా. చెవులకు జబ్బు లేదు."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. గుడ్డ అంచును మాత్రం వేళ్ళమధ్య నలుపుతోంది.

"ఇంకో మందు కలపాలి, మూడోది" అంటూ డెరీ బీరువా తెరిచాడు. డబ్బా మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు ఆమె కుడిచేతి కట్టు చూశాడు. "అదేంటి?"

"పొయ్యి ముద్దు పెట్టుకుంది."

"కళ్ళు తిరిగి పడిపోయింది" అంది ఎవుసివా.

డెరీ చెయ్యి డబ్బా మీదే ఆగింది. "ఎప్పుడు?"

"పోయిన బుధవారం."

"అంతకుముందు ఎప్పుడైనా తిరిగాయా ఎనా?"

ఒటువా కూతురివైపు చూసింది. అబద్ధం చెప్పడానికి అది తగిన చోటే. చెప్పలేదు.

"తిరుగుతాయి. బుధవారాలు. నిప్పు దగ్గర ఒళ్ళు దూదైపోతుంది. వంగి లేస్తే నేల నాతో రాదు."

డెరీ బీరువా మూసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "బీపీ ఎప్పుడూ ఇంత ఎత్తులోనే ఉంటే, లేచినప్పుడల్లా అలా తూలకూడదే. బుధవారం బాగా పడిపోతోందేమో. బుధవారం పొద్దుట ఏం చేస్తావు? లేచిన దగ్గర్నుంచి చెప్పు."

"ముఖం కడుక్కుంటా. తావియాను లేపుతా, అదో పెద్ద పని. గంజి తాగుతా. రెండు బిళ్ళలు వేసుకుంటా. పడవల దగ్గరికి..."

"ఆగు. రెండా?"

"మంగళవారంది ఒకటి. బుధవారంది ఒకటి."

"మంగళవారంది మంగళవారం ఎందుకు వేసుకోలేదు?"

ఒటువా అతన్ని, ఎండలో నీడ ఎందుకు పడుతుందని అడిగిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"మంగళవారం కదా నాయనా."

బెంచీ మీదనుంచి ఒకావిడ, "మరి? ఆ మాత్రం తెలీదూ?" అంది. ఇంకొకావిడ తలూపింది.

డెరీ బెంచీ ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు. తర్వాత నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "నేను చూసేది మంగళవారం. మీరు మందు వేసుకోని రోజు. ఆ అంకె చూసి మందు పెంచాను. పెంచినదాన్ని బుధవారం నువ్వు రెట్టింపు చేశావు, నిప్పు ముందు. చెమట పోస్తూ." ముఖం తుడుచుకున్నాడు. "మానుతున్నావా అని అడిగాను గానీ, రోజు రోజుదీ అడగలేదు. అడగాల్సింది."

"సముద్రం అంతటిదే పడుకుంటుంది" అంది ఒటువా. "నా ఒళ్ళు పడుకోకూడదా?"

"పడుకో ఎనా. ఎవరొద్దన్నారు? నీ గుండె పడుకుంటుందా మంగళవారం?"

ఆమె తెలియకుండానే ఛాతీ మీద చెయ్యి వేసుకుంది.

"కొట్టుకుంటోందా?"

"ఆఁ."

"చూశావా, నియమం తప్పుతోంది. పెద్దల్ని పిలిచి జరిమానా వేయించు."

బెంచీ మొత్తం గొల్లుమంది. ఒటువా కూడా నవ్వింది. నవ్వుతూనే, "ఉత్తరాదివాడికి నోరొచ్చింది" అంది. తర్వాత నవ్వు ఆగింది.

"మంగళవారం నీళ్ళు తాగుతాను" అంది. "పసిబిడ్డకు పాలిచ్చాను, ఇదుగో దీనికే. ఆ రోజు ఆపలేదు. సముద్రంలో వల వెయ్యకూడదు, అంతే. బిళ్ళ సముద్రంలోకి పోదు కదా."

"పోదు."

"అయితే ఇవాళ్టిది ఇప్పుడే ఇవ్వు."

"ఇస్తాను. ఇవాళ్టిది ఇవాళ ఎప్పుడు గుర్తొచ్చినా వేసుకోవచ్చు. రేపటికి మాత్రం మోసుకుపోకు. పోయిన బిళ్ళ పోయిందే. రెండు ఎప్పుడూ వద్దు."

ఎవుసివా అప్పటిదాకా తల్లి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అందులోంచి ఒక కాగితప్పొట్లం తీసి బల్లమీద పెట్టింది. "ఇదీ చూడండి."

"అది భుజం నొప్పికి" అంది ఒటువా గబగబా. "ట్రోట్రో బండిలో మందులు అమ్మేవాడిచ్చాడు. మంచి మనిషి, ప్రార్థన చేసి మరీ ఇచ్చాడు."

"ఎన్నాళ్ళనుంచి?"

"కవళ్ళు మొదలైనప్పట్నుంచి. తట్టలు ఎత్తొద్దూ?"

డెరీ పొట్లం విప్పి, బిళ్ళమీద అక్షరాలు చదివి తల అడ్డంగా ఊపాడు. "ప్రార్థన ఉంచుకో, ఇది ఇచ్చెయ్. ఈ రకం నొప్పి బిళ్ళ రక్తపోటును పైకి నెడుతుంది. నేనిచ్చిన మందుతో కలిసి, నువ్వు ఎండలో చెమటోడుతున్నప్పుడు కిడ్నీలను నలిపేస్తుంది. భుజానికి వేరేది ఇస్తాను. ఏ బిళ్ళ కొన్నా, ముందు నాకు చూపించు. కొంచెం రక్తం కూడా తీసి పట్నానికి పంపిస్తాను. కిడ్నీలు బాగున్నాయని తెలియాలి."

మూడో మందు డబ్బా బీరువాలోనే ఉండిపోయింది. పెంచిన బిళ్ళల అట్టను డెరీ వెనక్కి తీసుకున్నాడు. ఇంట్లో ఇంకొకటి ఉందని ఒటువా చెబితే, దాన్ని తెచ్చేదాకా కొత్తది చేతికివ్వనన్నాడు. రెండు అట్టలు ఒకే ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు రెండూ మింగుతారట. ఎవుసివా పరుగున వెళ్ళి తెచ్చింది. అప్పుడు అతను మునుపటి తక్కువ మోతాదు బిళ్ళ ఇచ్చాడు. రోజుకు ఒకటి, ఏడు రోజులూ. ఒటువా అక్కడే, ఆ బెంచీ మీద ఉన్న అందరి ముందూ, మంగళవారం బిళ్ళను మంచినీళ్ళతో మింగింది. ఏమీ జరగలేదు. బయట పడవలు ఇసుకమీద పడుకునే ఉన్నాయి.

"మరి మా ఒప్పందం?" అంది ఎవుసివా. "అంకె ఎక్కువుంటే పొయ్యిలు ఇచ్చేస్తానంది."

"ఇవాళ్టి అంకె మందు లేని రోజుది. అది చూసి నేనే మోసపోయాను, మీరూ పోకండి" అన్నాడు డెరీ. "రేపు నేనే పెరట్లోకి వస్తాను. నిప్పు పెట్టకముందు చూస్తాను. మరీ ఎత్తులో ఉన్నా, మరీ దిగిపోయినా రేపు పొయ్యి లేదు. ఎనా, నీకు ఇష్టమేనా?"

"నిప్పు పెట్టకముందు అంటే పెందలాడే రావాలి. ఉత్తరాదివాళ్ళు పెందలాడే లేస్తారా?"

"మా ఆవులు లేపుతాయి."

ఎవుసివా తల్లి ముఖంలోకి చూసి, "రేపటిదాకా ఉంటాను" అంది.

"ఉండు. నిన్నెవరు పొమ్మన్నారు?"

మర్నాడు తెల్లవారుతుండగా పడవలు అలల మీద కనిపించాయి. ఒటువా ముఖం కడుక్కుంది. తావియాను రెండుసార్లు లేపింది. గంజి తాగి, అట్టలోంచి ఒక బిళ్ళ తీసుకుని వేసుకుంది. తావియా చాపమీదనుంచే చూస్తూ, "రెండోది?" అంది.

"నిన్నటిది నిన్ననే వేసుకున్నాగా. నీకు మతిమరుపు, లేచి గంపలు తియ్యి."

డెరీ పట్టీ మెడలో వేసుకుని వచ్చాడు. ఆమెను పీట మీద కొంతసేపు ఊరికే కూర్చోబెట్టాడు. కూర్చున్నప్పుడు ఒకసారి చూశాడు, నిలబెట్టి ఒకసారి చూశాడు. అంకె నిన్నటికన్నా దిగిందని, నిలబడినా పడిపోవడం లేదని చెప్పాడు. ఒక్కరోజుతో ఏదీ తేలదు, శనివారం మళ్ళీ వస్తానన్నాడు.

"అయితే నేనూ శనివారందాకా ఉంటాను" అంది ఎవుసివా.

ఒటువా పీట పట్టుకుని నెమ్మదిగా లేచింది. నేల ఆమెతోపాటే వచ్చింది. తాగే నీళ్ళకుండను పొగ తగలని వైపు, చెయ్యి అందేంత దూరంలో పెట్టించింది. మూడు పొయ్యిల మీదా రేకులు తీసేసింది. కూతురి చేతికి కట్టెల మోపు ఇచ్చి, మొదటి పొయ్యిలో తనే నిప్పు పెట్టింది.